పింఛను లెక్కలోంచి పుట్టిన క్రెడిట్

ఒక విశ్వవిద్యాలయంలో కొంత చదివి మిగతాది మరో చోట పూర్తి చేసేటప్పుడు, మొదటి చోటి చదువును రెండో చోట లెక్కలోకి తీసుకోవడమే క్రెడిట్ బదిలీ. పాత విశ్వవిద్యాలయం ట్రాన్స్‌క్రిప్ట్ రాసి ఇస్తుంది. అందులో ఏది చెల్లుతుందో, ఏది చెల్లదో తేల్చేది కొత్త విశ్వవిద్యాలయం. డిగ్రీ స్థాయిలో ఈ ఏర్పాటు పుట్టి పెరిగింది అమెరికాలో.

పందొమ్మిదో శతాబ్దం సగం గడిచేదాకా అక్కడి కళాశాలలకు క్రెడిట్‌తో పని పడలేదు. లాటిన్, గ్రీకు, గణితం, తర్కం, ఇలా ఏ ఏడాది ఏం చదవాలో ముందే ఖాయమై ఉండేది, తరగతి మొత్తానికీ ఒకటే పాఠం. వేరే కళాశాల నుంచి ఎవరైనా వస్తే అధ్యాపకులు పరీక్ష పెట్టి, రెండో ఏడాదిలోనో మూడో ఏడాదిలోనో కూర్చోబెట్టేవారు. 1869లో హార్వర్డ్ అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ నలభై ఏళ్లపాటు ఆ పదవిలో ఉండి ఈ పద్ధతిని కదిలించాడు. విద్యార్థి తనకు నచ్చిన సబ్జెక్టులు ఎంచుకోవచ్చన్నాడు. దాంతో కొత్త చిక్కు వచ్చింది. ఒకరు రసాయన శాస్త్రం, ఇంకొకరు జర్మన్ చదివితే ఇద్దరూ పట్టాకు సరిపడా చదివారని చెప్పేదెలా? చదువును కోర్సులుగా విడగొట్టి, కోర్సుకు ఇంత అని లెక్క కట్టక తప్పలేదు.

ఆ లెక్కకు దేశమంతటా ఒకే కొలత దొరికింది మాత్రం ఎవరూ ఊహించని తావులో. 1905లో ఉక్కు వ్యాపారి ఆండ్రూ కార్నెగీ కళాశాల అధ్యాపకుల పింఛన్ల కోసం కోటి డాలర్లు ఇచ్చాడు. అసలు కళాశాల అంటే ఏది? అప్పట్లో హైస్కూలు స్థాయి బడులు కూడా కళాశాల బోర్డు తగిలించుకునేవి. పింఛను డబ్బు పంచాల్సిన కార్నెగీ ఫౌండేషన్‌కు గీత గీయక తప్పలేదు. పింఛను కావాలంటే కళాశాలలో కనీసం ఆరుగురు పూర్తికాలపు ప్రొఫెసర్లు ఉండాలి, నాలుగేళ్ల కోర్సు ఉండాలి, హైస్కూల్లో 14 యూనిట్లు చదివినవారినే చేర్చుకోవాలి. ఒక సబ్జెక్టులో ఏడాది మొత్తం మీద 120 గంటల తరగతులైతే అది ఒక యూనిట్. పింఛను ఆశకు కళాశాలలు, కళాశాలల ఒత్తిడికి హైస్కూళ్లు ఈ కొలతకు మారిపోయాయి. చూస్తుండగానే దేశం మొత్తం చదువును గంటల్లో కొలవడం మొదలుపెట్టింది.

హైస్కూలు గంటల లెక్క డిగ్రీలోకీ పాకింది. మోరిస్ కుక్ అనే మెకానికల్ ఇంజనీరు కర్మాగారాల్లో కూలీల పనిని కొలిచే పద్ధతి పెట్టిన టేలర్‌కు శిష్యుడు. ఫౌండేషన్ తరఫున ఆయన ఎనిమిది విద్యాసంస్థల భౌతికశాస్త్ర శాఖలు పరిశీలించి 1910లో నివేదిక ఇచ్చాడు. ఒక విద్యార్థి తరగతిలోనో ప్రయోగశాలలోనో గడిపే ఒక గంటను యూనిట్‌గా పెట్టుకుంటే ఏ శాఖ ఎంత పనిచేస్తుందో తేలుతుందన్నది ఆయన వాదం. ఆయన కొలవబోయింది విద్యార్థుల జ్ఞానాన్ని కాదు, సంస్థల ఖర్చును. నేటి క్రెడిట్ అవర్‌లో ఆ పోలిక పోలేదు. సెమిస్టర్ పొడవునా వారానికి ఒక గంట తరగతికి ఒక క్రెడిట్, మూడు గంటల కోర్సుకు మూడు క్రెడిట్లు, దాదాపు 120 క్రెడిట్లయితే పట్టా. పింఛనుకు కార్నెగీ సొమ్ము చాలక 1918లో ఆ బాధ్యత వేరే సంస్థకు మారింది. కొలత మాత్రం నిలిచిపోయింది. గంటలు లెక్కపెడితే చదువు వచ్చినట్టు కాదని ఆ ఫౌండేషనే పెన్సిల్వేనియా విద్యార్థులకు పరీక్షలు పెట్టి 1938లో చూపించినా, అప్పటికే చేయి దాటిపోయింది.

కొలత ఒకటి కావడంతో బదిలీకి దారి పడింది. ఈ దారికి తొలి మెట్టు జూనియర్ కళాశాల. షికాగో విశ్వవిద్యాలయ అధ్యక్షుడు విలియం హార్పర్ డిగ్రీని రెండేళ్ల చొప్పున రెండు సగాలు చేయాలనేవాడు. 1901లో షికాగో ఉన్న రాష్ట్రంలోనే జోలియట్ ఊరి హైస్కూల్లో ఆరుగురు విద్యార్థులతో కళాశాల తరగతులు మొదలయ్యాయి. ఇంటి దగ్గరే రెండేళ్లు చదివి తర్వాత విశ్వవిద్యాలయానికి వెళ్లడం అక్కడి మధ్యతరగతికి కలిసొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకు 1944 చట్టం చదువు ఖర్చు ఇవ్వడంతో ఇరవై లక్షలమందికి పైగా కళాశాలల్లో చేరారు. సైన్యంలో నేర్చుకున్న దానికీ క్రెడిట్ ఇవ్వాలా అన్న ప్రశ్న అప్పుడే పెద్దదైంది. కాలిఫోర్నియా 1960లో మాస్టర్ ప్లాన్ తెచ్చింది. హైస్కూలు విద్యార్థుల్లో పై ఎనిమిదో వంతుకు కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, పై మూడో వంతుకు స్టేట్ కాలేజీలు, మిగతా అందరికీ జూనియర్ కళాశాలలు. మూడో అంచెలో చేరినవారు రెండేళ్ల తర్వాత పైకి వెళ్లగలగాలి కాబట్టి బదిలీ ఈ ప్రణాళికకు ఆయువుపట్టు అయింది.

కాగితం మీద బాగానే కనిపించే ఈ ఏర్పాటు కౌంటర్ దగ్గర తడబడుతుంది. ట్రాన్స్‌క్రిప్ట్ అందగానే కొత్త విశ్వవిద్యాలయం ముందు గ్రేడ్ చూస్తుంది. చాలాచోట్ల సి కన్నా తక్కువైతే పక్కన పెట్టేస్తారు. తర్వాత సిలబస్‌ను తమ కోర్సుతో పోల్చి, నేరుగా సమానం, ఎలక్టివ్‌గా మాత్రమే, అసలు చెల్లదు అని మూడు రకాలుగా తేలుస్తారు. మధ్య రకంతోనే తంటా. ఎలక్టివ్‌గా చెల్లితే క్రెడిట్ మొత్తంలో కలుస్తుంది కానీ మేజర్‌కు అక్కరకు రాదు. కాగితం మీద ఏదీ పోనట్టే ఉంటుంది, చదువు మాత్రం ఒక సెమిస్టర్ పొడుగవుతుంది. ఇక ఏడాదిని క్వార్టర్లుగా విడగొట్టే కళాశాల నుంచి సెమిస్టర్ల చోటికి వస్తే క్రెడిట్‌ను మూడింట రెండు వంతులు చేస్తారు. నాలుగు యూనిట్ల ఇంగ్లీషు కోర్సు 2.67 అవుతుంది. అక్కడ మూడు కావాలంటే 0.33 తక్కువ. ఆ మూడో వంతును కొందరు చూసీ చూడనట్టు వదిలేస్తారు, కొందరు ఇంకో కోర్సు చదవమంటారు. పాత జీపీఏ సాధారణంగా వెంట రాదు, కొత్త చోట సున్నా నుంచి మొదలు. పట్టా మా పేరుతో ఇస్తున్నాం కాబట్టి కనీసం ముప్ఫై క్రెడిట్లయినా మా దగ్గరే చదవాలన్న షరతూ మామూలే. 2004 నుంచి 2009 వరకు బదిలీ అయిన విద్యార్థులు సగటున 43 శాతం క్రెడిట్లు పోగొట్టుకున్నారని అమెరికా ప్రభుత్వ ఆడిట్ సంస్థ 2017లో అంచనా వేసింది.

ఐరోపా 1989లో వేరే దారి తొక్కింది. ఎరాస్మస్ పథకంలో దేశం దాటి చదివేవారి కోసం పెట్టిన లెక్కలో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు. తరగతి గంటలొక్కటే కాక విద్యార్థి ఇంట్లో కూర్చుని చదివే గంటలనూ అందులో కలిపారు.

భారతదేశంలో ఈ మాట చాలా ఆలస్యంగా వచ్చింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలను లండన్ నమూనాలో పెట్టారు. పాఠం కళాశాలది, పరీక్ష విశ్వవిద్యాలయానిది. కాబట్టి ఒకే విశ్వవిద్యాలయం కింది కళాశాలల మధ్య మారడానికి టీసీ చాలు, విశ్వవిద్యాలయం మారితే మైగ్రేషన్ సర్టిఫికెట్ కావాలి. ఆ కాగితం ‘ఈ విద్యార్థి వెళ్లడానికి మాకు అభ్యంతరం లేదు’ అంటుంది తప్ప, చదివినదాని విలువ చెప్పదు. సరిహద్దులూ చిత్రంగా ఉండేవి. హైదరాబాద్ నడిబొడ్డున ఉన్న నిజాం కళాశాల 1947 దాకా మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. అదే ఊళ్లో 1918లో వచ్చిన ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఒకరి పట్టాను ఒకరు గుర్తించే సంగతి చూడడం 1925లో ఏర్పడిన ఇంటర్ యూనివర్సిటీ బోర్డు పనుల్లో ఒకటి. అదే నేటి భారత విశ్వవిద్యాలయాల సంఘం. అది చూసేది పూర్తయిన పట్టాను. సగం చదువుకు దారి చూపే ఏర్పాటు అప్పట్లో లేదు.

క్రెడిట్ మొదట అడుగుపెట్టింది వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, ఐఐటీల్లో. అమెరికా ల్యాండ్ గ్రాంట్ సంస్థల నమూనాలో 1960లో పంత్‌నగర్, 1964లో రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు వచ్చాయి. అగ్రికల్చర్ బీఎస్సీ విద్యార్థులు నేటికీ మార్కుల శాతం కన్నా ఓజీపీఏనే (మొత్తం గ్రేడ్ సగటునే) చెప్పుకుంటారు. సాధారణ డిగ్రీ కళాశాలల్లోకి క్రెడిట్ బాగా పాకింది 2015 తర్వాత, విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) కోర్సులు ఎంచుకునే క్రెడిట్ పద్ధతి (సీబీసీఎస్) తెచ్చాకే. అప్పటికే తెలుగు రాష్ట్రాల్లో క్రెడిట్ పేరు లేని బదిలీ ఒకటి నడుస్తోంది. ఈసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి డిప్లొమా విద్యార్థులు నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరుతున్నారు, అంటే ఒక ఏడాది మొత్తాన్ని గంపగుత్తగా చెల్లుబాటు చేసినట్టే. అదే బీటెక్‌లో ఒక రెగ్యులేషన్‌లో, అంటే ఒక సిలబస్ నిబంధనల కింద, డిటెయిన్ అయి, కొత్త రెగ్యులేషన్‌లో మళ్లీ చేరినవారు విశ్వవిద్యాలయం మారకపోయినా సబ్‌స్టిట్యూట్ సబ్జెక్టులు రాయాల్సి వస్తుంది.

2020 జాతీయ విద్యావిధానం తర్వాత, 2021 జూలైలో యూజీసీ అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ నిబంధనలు తెచ్చింది. విద్యార్థి పేరిట ఖాతా ఉంటుంది, అందులో క్రెడిట్లు జమ చేసేది సంస్థే. 2022 చివర్లో వచ్చిన చట్రం ప్రకారం 40 క్రెడిట్లకు సర్టిఫికెట్, 80కి డిప్లొమా, 120కి మూడేళ్ల డిగ్రీ, 160కి నాలుగేళ్ల ఆనర్స్. బయటి నుంచి తెచ్చుకున్నవి ఎన్ని ఉన్నా సాధారణంగా సగమైనా పట్టా ఇచ్చే సంస్థలోనే సంపాదించాలి. జమ అయిన క్రెడిట్ గరిష్ఠంగా ఏడేళ్లు నిలుస్తుంది. ఖాతాలో క్రెడిట్లు ఉన్నంత మాత్రాన సీటు ఉన్నట్టు కాదు. ఏ కోర్సు దేనికి సమానమన్న తీర్పు ఇక్కడా చేర్చుకునే సంస్థదే. ఒకసారి పట్టాకు వాడుకున్న క్రెడిట్లను ఖాతాలోంచి తీసేస్తారు, అవి మరో పట్టాకు పనికిరావు.