రెటీనా ఊడిపోవడం

కంటి లోపలి గోడను అంటిపెట్టుకుని ఉండే పలుచని నాడీ పొర రెటీనా. పాఠ్యపుస్తకాల్లో దీన్నే నేత్రపటలం అంటారు. ఈ పొర తన చోటి నుంచి లేచిపోవడాన్ని డాక్టర్లు రెటినల్ డిటాచ్‌మెంట్ అంటారు. ఏటా సుమారు 10 వేల మందిలో ఒకరికి వస్తుంది. నొప్పి ఉండదు, కన్ను ఎర్రబడదు, నీరు కారదు. అందుకే చాలామంది ఆలస్యం చేస్తారు.

కంటిగుడ్డులో అయిదింట నాలుగు వంతులు విట్రియస్ అనే జెల్లీ నిండి ఉంటుంది. వయసు పైబడేకొద్దీ అది పలచబడి, కుంచించుకుపోయి రెటీనాను వదిలేస్తుంది. చాలామందికి దీనివల్ల ఏ హానీ జరగదు. కొందరిలో మాత్రం బాగా అతుక్కున్న చోట రెటీనాను లాగి చింపుతుంది. ఆ చిరుగులోంచి నీరు వెనక్కి చేరి పొరను లేపుతుంది. లేచిన భాగానికి వెనుకనున్న కోరాయిడ్ అనే పొర నుంచి ఆక్సిజన్ సరిగా అందక, వెలుగును పసిగట్టే కణాలు చనిపోవడం మొదలవుతుంది. మైనస్ పవరు ఎక్కువున్నవారికి, శుక్లాల ఆపరేషన్ అయినవారికి, కంటికి గట్టి దెబ్బ తగిలినవారికి ముప్పు ఎక్కువ. ముదిరిన షుగరు జబ్బులో చిరుగు లేకుండానే పొర ఊడవచ్చు.

ఉన్నట్టుండి కళ్ల ముందు నల్లచుక్కలు, దోమలు ఎగిరినట్టు, మసి రాలినట్టు కనిపించడం, చీకట్లో కంటి అంచున మెరుపులు తొలి గుర్తులు. తర్వాత ఒక పక్క నుంచి నీడ తెరలా కమ్ముకొస్తుంది. రెటీనా మీద బొమ్మ తలకిందులుగా పడుతుంది కాబట్టి, పైభాగం ఊడితే నీడ కింది నుంచి లేస్తుంది. రెండో కన్ను బాగుంటే ఇదేదీ చాలాసేపు తెలియదు. ఒక్కో కన్నూ మూసి గోడ క్యాలెండరు చూస్తే తేడా బయటపడుతుంది.

మన ఊళ్లలో దీన్ని తరచూ శుక్లమని పొరబడతారు. ‘పొర వచ్చింది, ముదరనిద్దాం’ అని ఆగుతారు. శుక్లం నెలల తరబడి, ఏళ్ల తరబడి చూపునంతా మసకబరుస్తుంది. ఇది గంటల్లో, రోజుల్లో ఒక అంచు నుంచి తినేస్తుంది. మందుల షాపులో చుక్కలు కొనుక్కోవడం, కళ్లజోళ్ల షాపులో కంప్యూటర్ పరీక్షతో సరిపెట్టుకోవడం దీనికి పనికిరావు. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి, కాసేపు ఆగి, డాక్టరు తలకు లైటు కట్టుకుని, చేతిలో లెన్సుతో మూలమూలలూ చూడాలి. ‘పైకి చూడండి, కిందికి చూడండి’ అంటూ తెల్లగుడ్డును చిన్న పరికరంతో మెల్లగా నొక్కి అంచులు వెతుకుతారు. ఆ రోజు బండి నడపకూడదు, తోడుగా ఒకరు ఉండాలి.

చిరుగు దశలోనే దొరికితే చుట్టూ లేజర్ వేసి అతికిస్తారు, ఆపరేషన్ అక్కర్లేదు. పొర ఊడినా, చదవడానికి, మనిషి ముఖం గుర్తుపట్టడానికి వాడే నడిభాగం మాక్యులా ఇంకా అంటుకునే ఉంటే సాధారణంగా 1, 2 రోజుల్లోనే ఆపరేషన్ చేస్తారు. మాక్యులా ఊడాక పొరను అతికించగలిగినా పాత చూపు పూర్తిగా రావడం కష్టం. తొందరంతా అందుకే.

ఒకప్పుడు దీనికి మంచం మీద కదలకుండా పడుకోబెట్టడమే వైద్యం. ఊడటానికి చిరుగే మూలమని, దాన్ని కాల్చి మూయాలని స్విట్జర్లాండ్‌లోని లొజాన్‌లో జూల్ గోనాఁ (1870–1935) నిరూపించాడు. సహవైద్యులు చాలాకాలం నమ్మలేదు. ఇప్పుడు కంటి బయట సిలికోన్ పట్టీ బిగించడం, విట్రియస్ తీసేసి లోపల గ్యాస్ లేదా సిలికోన్ ఆయిల్ నింపడం వాడుకలో ఉన్నాయి. మొదటి ఆపరేషన్‌తోనే ఎక్కువమందికి పొర అతుక్కుంటుంది. హైదరాబాద్, విశాఖపట్నం, విజయవాడల్లోని పెద్ద కంటి ఆసుపత్రుల్లో ఇవి చేస్తున్నారు.

గ్యాస్ నింపితే చిరుగున్న చోటును బట్టి కొందరు రోజుల తరబడి బోర్లా పడుకోవాలి. అది కరిగేదాకా విమానం ఎక్కకూడదు, ఎత్తయిన కొండలెక్కకూడదు. పైకి వెళ్లేకొద్దీ గ్యాస్ ఉబ్బి కంట్లో ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆయిల్ తనంతట కరగదు. చాలామందికి కొన్ని నెలల తర్వాత మరో ఆపరేషన్ చేసి తీసేస్తారు.