మూకీల కాలపు చౌక కౌబాయ్ సినిమాలు

అమెరికాలో సినిమాకు ఇంకా మాట రాని రోజుల్లో, కొద్దిపాటి డబ్బుతో, వారం తిరక్కుండానే చుట్టేసిన గుర్రాల, తుపాకుల చిత్రాలు ఇవి. 1900ల దశకం చివరి నుంచి 1929 దాకా వందలకొద్దీ వచ్చాయి. చిన్న ఊళ్ల హాళ్లు, అక్కడి పిల్లలే వీటికి ఆధారం. ఎండే లైటు, కొండలూ గుట్టలే సెట్టు కావడంతో, పెట్టుబడి అంతగా లేని నిర్మాతలకు వెస్టర్న్ కన్నా అనువైన సరుకు దొరకలేదు.

ఆరంభం

1903లో ఎడిసన్ కంపెనీ కోసం ఎడ్విన్ పోర్టర్ తీసిన 'ది గ్రేట్ ట్రెయిన్ రాబరీ' నిడివి సుమారు 12 నిమిషాలు. అందులో ఒకటికి మించి చిన్న వేషాలు వేసిన గిల్బర్ట్ ఆండర్సన్‌కు గుర్రపు స్వారీ రాదు. వచ్చునని చెప్పి ఎక్కి, కింద పడ్డాడని ఓ కథ. ఆయనే 1907లో జార్జ్ స్పూర్‌తో కలిసి షికాగోలో ఎస్సనే కంపెనీ పెట్టి, 'బ్రాంకో బిల్లీ'గా తొలి కౌబాయ్ తార అయ్యాడు. ఆ పేరుతో వచ్చిన చిట్టి చిత్రాలు చాలావరకు కాలిఫోర్నియాలోని నైల్స్ చుట్టుపక్కల తయారయ్యాయి. 1958లో ఆండర్సన్‌కు గౌరవ ఆస్కార్ దక్కింది.

ఖర్చు, వ్యాపారం

యూనివర్సల్ సంస్థ 'మస్టాంగ్' వరుసలో రెండు రీళ్ల వెస్టర్న్‌లు విడుదల చేసేది. 1925లో 'ది క్రూక్ బస్టర్'తో దర్శకుడైన విలియం వైలర్ చేయి తిరిగింది వీటిమీదే. షూటింగు మూడు రోజులు, ఖర్చు సుమారు 2,000 డాలర్లు. అదే దశకంలో పారమౌంట్ భారీ వెస్టర్న్ 'ది కవర్డ్ వాగన్' (1923)కు ఏడు లక్షల డాలర్లకు పైనే అయింది.

సొంత పంపిణీ లేని చిన్న నిర్మాతలు, మన దగ్గర నైజాం, సీడెడ్ అని ఏరియాలవారీగా అమ్మినట్టే, ఒక్కో రాష్ట్రం హక్కులను ఒక్కో పంపిణీదారుకు అమ్మేవారు. ఇలాంటి కంపెనీలు గుమిగూడిన హాలీవుడ్ వీధికి 'పావర్టీ రో' అని పేరు పడింది. సన్‌సెట్ బూలెవార్డ్, గోవర్ వీధి కలిసే మూలలో పశువుల క్షేత్రాల నుంచి వచ్చిన అసలు కౌబాయ్‌లు వేషాల కోసం కాచుకుని ఉండేవారు. టోపీ, బూట్లు వాళ్లవే. నిర్మాతకు దుస్తుల ఖర్చూ మిగిలేది. ఆ మూలను జనం 'గోవర్ గల్చ్' అనేవారు.

తారలు

ఈ రంగంలో నటనకన్నా స్వారీకే విలువ. రోడియో ఛాంపియన్ యాకిమా కానట్ హీరోగా చేస్తూ తన స్టంట్లు తానే చేసేవాడు. నౌకాదళంలో ఉండగా వచ్చిన ఫ్లూ వల్ల గొంతు దెబ్బతినడంతో టాకీల్లో హీరోగా నిలవలేకపోయాడు. స్టంట్ల వైపు మళ్లి, 'స్టేజ్‌కోచ్' (1939)లో పరుగెత్తే గుర్రాల మధ్యకు దూకాడు. వైలర్ 'బెన్ హర్' (1959) తీసినప్పుడు రథాల పోటీ భారం మోసింది ఆయనే. చౌక సినిమాల్లో రాటుదేలిన ఇద్దరూ అక్కడ కలిశారు.

ఎఫ్‌బీఓ అనే సినిమా సంస్థకు చిన్న ఊళ్ల ప్రేక్షకులే బలం. దాని పెద్ద తార ఫ్రెడ్ థామ్సన్ ఒకప్పటి మతబోధకుడు. ఆయనతో పాటు గుర్రం సిల్వర్ కింగ్‌కూ అభిమానులుండేవారు. 1926లో ఈ సంస్థను కొన్న జోసెఫ్ కెనడీ, తర్వాత అమెరికా అధ్యక్షుడైన జాన్ కెనడీ తండ్రి.

మాట వచ్చాక

తొలినాళ్ల సౌండు పరికరాలు మైదానాల్లో పనికిరావన్న భయాన్ని ఆరుబయటే సౌండుతో తీసిన 'ఇన్ ఓల్డ్ ఆరిజోనా' (1929) పోగొట్టింది. పాత రీళ్లు కొన్ని కొత్తగా అక్కరకొచ్చాయి: కౌబాయ్ తార కెన్ మేనార్డ్ మూకీల్లోని గుర్రపు పరుగులను వార్నర్ సంస్థ 1932-33లో జాన్ వేన్ చిత్రాల్లో అతికించింది. షాట్లు కలవాలని వేన్‌కూ తెల్ల గుర్రాన్నే ఇచ్చారు.

మిగతావాటిలో ఎక్కువభాగం నేడు లేవు. అప్పట్లో వాడిన నైట్రేట్ ఫిల్ము ఇట్టే అంటుకుంటుంది. 1937లో ఫాక్స్ సంస్థ ఫిల్ముల గోదాము తగలబడింది. 1948లో యూనివర్సల్ తన మూకీ నెగటివ్‌లను తానే నాశనం చేసింది. దర్శకుడు జాన్ ఫోర్డ్ తొలి పూర్తి నిడివి చిత్రం 'స్ట్రెయిట్ షూటింగ్' (1917) కూడా పోయిందనే అనుకున్నారు. చెక్ ఫిల్మ్ ఆర్కైవ్‌లో దాని ప్రింటు బయటపడింది.