సొరంగంలో సంత

సంతకి ఎవరైనా ముగ్గువేసి స్థలం చూపించాలా? నలుగురు నడిచే దారిలో బుట్టలు దింపితే చాలు, అదే సంత. 1999 మార్చిలో అమెరికాలో విడుదలైన ‘ఎవర్‌క్వెస్ట్’ అనే కంప్యూటర్ ఆటలో అచ్చం ఇలాగే జరిగింది. ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని, వేలమంది ఒకే మాయాలోకంలో చేరి ఆడే ఆట అది. కత్తులూ మంత్రాలూ పుష్కలంగా పెట్టారు గానీ, ఆటగాళ్ళు ఒకరికొకరు సరుకు అమ్ముకోడానికి అంగడి పెట్టడం మాత్రం ఆ మహానుభావులకి తోచలేదు.

అయితేనేం? చాలా సర్వర్లలో జనం ఈస్ట్ కామన్‌లాండ్స్ అనే ప్రాంతంలో, ఎడారికి పోయే సొరంగంలో పోగయ్యారు. అమ్మేవాడు కేక వేసినట్టు పదేపదే టైపు చెయ్యాలి. కొనేవాడు ఎదురుగా వచ్చి నిలబడి బేరమాడాలి. ఒక నల్లపట్టు నడికట్టు ఉండేది. అది కట్టుకుంటే చెయ్యి చురుగ్గా ఆడుతుందిట! దానికోసం సాయంత్రాలు సాయంత్రాలే గడిచిపోయేవి. ఆ బేరాల మధ్యే కబుర్లు, పరిచయాలు, పోట్లాటలూను. మోసం చేశాడా, వాడి పేరు నలుగురి నోళ్ళలో పడేది. మర్నాడు వాడితో బేరానికి ఎవరొస్తారు?

2001 డిసెంబరులో ‘షాడోస్ ఆఫ్ లక్లిన్’ అనే కొత్త భాగం వచ్చింది. అందులో చంద్రుడి మీద బజారు కట్టారు. సరుకు సంచిలో వేసి, ధర రాసి, బొమ్మని అక్కడ నిలబెట్టి, కంప్యూటరు ఆర్పకుండా మనిషి పోయి పడుకోవచ్చు. కొనేవాడు జాబితాలో వెతుక్కుని, ఆ బొమ్మ దగ్గరికెళ్ళి కొనుక్కుంటాడు. నోరు విప్పే పనే లేదు. బజారు నిండా జనమే గానీ, పలికే నాథుడు లేడు! సొరంగం బోసిపోయింది.

తయారుచేసినవాళ్ళని తప్పుపట్టలేం లెండి. ఉద్యోగం చేసుకుని రాత్రి ఒక్క గంట ఆడుకునేవాడు, ఆ గంటా కేకలేస్తూ కూర్చోవాలంటే ఎలా? 2002లో దూరప్రయాణాలకి మాయపుస్తకాలు కూడా పెట్టారు. అంతవరకూ డబ్బిచ్చో బతిమాలో మంత్రగాళ్ళని వెంటబెట్టుకు పోయేవారు. పాపం, వాళ్ళకా గిరాకీ పడిపోయింది.

2009లో కొందరు అభిమానులు పాత పద్ధతిలోనే ఆడాలని ‘ప్రాజెక్ట్ 1999’ పేరుతో సొంత సర్వర్ తెరిచారు. అందులో ఆ చంద్రుడి మీది బజారు లేదు. ఇంకేం, జనం మళ్ళీ ఆ సొరంగంలోనే చేరి అరుచుకోవడం మొదలెట్టారు.