కోలారు చీకట్లో చిత్తూరు చేతులు

మీరు ఈ పేరా చదివేలోపు మీ బొటనవేలి గోరులోంచి ఓ మ్యూయాన్ దూసుకుపోయి ఉండొచ్చు. అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ కిరణాలు గాలిని ఢీకొన్నప్పుడు పుట్టే కణం అది. ఫోన్ కెమెరాకి నల్ల టేపు అంటించి వదిలేస్తే, ఎప్పుడో ఒకసారి అలాంటి కణం సెన్సర్ మీద చిన్న వెలుగు చుక్కో గీతో వదిలి పోతుంది. పోలండ్‌లోని క్రాకోలో 2016లో మొదలైన క్రెడో ప్రాజెక్టు, లోకమంతా మామూలు మనుషుల ఫోన్లలో పడ్డ ఆ గీతల్ని ఒకచోట చేరుస్తోంది. ఆసక్తి ఉన్న ఎవరైనా అందులో భాగస్వాములే. వాళ్ళని సిటిజెన్ సైంటిస్టులు అంటున్నాం.

మరి ఫోన్లు లేని రోజుల్లో ఈ పనికి చెయ్యేసిన మామూలు మనుషుల్ని ఏమనాలి?

కుప్పం దాటి కర్ణాటకలోకి వెళితే కాసేపట్లో కోలారు బంగారు గనులు. బ్రిటిష్ కాలం నుంచీ చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల జనం అక్కడికి కూలికి వెళ్ళారు. తమిళులు, తెలుగువాళ్ళు, చాలామంది దళితులు. వాళ్ళు తవ్విన లోతుల్లోకే 1950ల మొదట్లో టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్త బి.వి. శ్రీకంఠన్ పరికరాలతో దిగారు. లోతుకి వెళ్ళేకొద్దీ పైనున్న రాయి మ్యూయాన్లని మింగేస్తుంది. అన్నిటికన్నా లోతైన చోట దాదాపు రెండు నెలలు చూసినా ఒక్కటీ పడలేదు.

మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే నాయిస్ సున్నా. అలాంటి చోట అడ్డంగా వచ్చే మ్యూయాన్ కనబడితే అది పైనుంచి దిగింది కాదు, చుట్టూ ఉన్న రాతిలో న్యూట్రినో పుట్టించిందే. 2.3 కిలోమీటర్ల లోతున భారత్, జపాన్, బ్రిటన్ శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకుని, 1965 ఆగస్టులో ప్రచురించారు. దక్షిణాఫ్రికా గనిలో పనిచేసిన రైన్స్ బృందానికి తొలి సంకేతం ముందే దొరికినా, వాళ్ళ పేపర్ రెండు వారాల తర్వాత వచ్చింది. రెండుచోట్లా అంత గొయ్యి తవ్వించింది సైన్స్ కాదు, బంగారం.

కోలారు పేపర్‌లో 11 మంది రచయితల పేర్లున్నాయి. గని కార్మికుల పేర్లు లేవు. ఉండాలని వాదించను, పరికరం కట్టడం, లెక్క తేల్చడం వాళ్ళు చేసిన పని కాదు. సిటిజెన్ సైంటిస్టులనీ అనలేం. ఫోన్ ఇచ్చేవాడు సరదాకి ఇస్తాడు, వీళ్ళు పొట్టకూటికి దిగారు. కానీ ఆ వేడిలో, రాయి ఎప్పుడు పేలుతుందో తెలియని సొరంగాల్లో వాళ్ళ రాకపోకలు లేకుంటే ఆ నిశ్శబ్దం శాస్త్రవేత్తలకి దొరికేది కాదు. ప్రయోగం చరిత్ర రాసేటప్పుడు గనిని రాతి మందంగా మాత్రమే రాస్తే, సగం కథే రాసినట్టు.

గనులు 2001లో మూతపడ్డాయి. 1965లో ఇరవై ఏళ్ళవాడికి ఇప్పుడు ఎనభై. న్యూట్రినో ఆగదు, ఎప్పుడైనా పట్టుకోవచ్చు. ముందు ఆ పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళాలి, రికార్డర్ ఆన్ చేసుకుని.