కువైట్‌లో ఏం తినాలి, ఏం చూడాలి? సీమ ముసాఫిర్ల తారీఖ్

రాయచోటి, రాజంపేట, పుల్లంపేట వైపు ఏ మొహల్లాలోకి పోయినా కువైట్ పైసలతో కట్టిన ఇల్లు ఒకటన్నా కనబడుతుంది. ఆ ఇంట్లో కూర్చుని "అమ్మీ, కువైట్ ఎట్లుంటాది?" అని అడిగి చూడండి. సేఠ్ ఇల్లు, బావర్చీఖానా, ఎయిర్‌పోర్టు. చాలామంది జవాబు అంతటితో ఖతం. ఎడారికీ సముద్రానికీ మధ్యనున్న ఆ షహర్‌లో పదేళ్ళు, ఇరవయ్యేళ్ళు బతికి, షహర్ చూడకుండానే తిరిగొచ్చినవాళ్ళు మనలో ఎందరో. అందుకే అక్కడ ఏం తినాలో, ఏం చూడాలో తారీఖ్‌తో, అంటే చరిత్రతో సహా రాస్తున్నాను.

ముందు ముబారకియా బజారుకి పోవాలి. 1896 నుంచి 1915 దాకా ఏలిన షేక్ ముబారక్ పేరు మీద ఉన్న పాత సూఖ్ అది. ఖర్జూరాలు, మసాలాలు, అత్తర్లు, మధ్యలో కబాబ్ కాల్చే హోటళ్ళు. వేడి ఖుబ్జ్‌తో కబాబ్ తిని, చాయ్ తాగుతూ అక్కడివాళ్ళ మాటలు వినండి. డబ్బుని 'బైజాత్' అంటారు, అది మన పైసానే. మామిడి ఊరగాయ వాళ్ళకీ 'అచార్'.

ఈ రిష్తా పెట్రోలుకంటే పాతది. బుర్గాన్‌లో చమురు దొరికింది 1938లో, మొదటి ఓడ దాన్ని ఎత్తుకుపోయింది 1946లో. అంతకుముందు కువైట్ పడవలు బస్రా ఖర్జూరాలు మన రేవులకు తెచ్చి, మలబారు కలప, బియ్యం, మసాలాలు తీసుకుపోయేవి. వాళ్ళ ముత్యాలు బొంబాయిలో అమ్ముడయ్యేవి. కువైట్‌లో చెల్లింది మన రూపాయే. 1959లో గల్ఫ్ కోసం రిజర్వు బ్యాంకు వేరే నోట్లు అచ్చువేసింది. దీనార్ వచ్చింది 1961లో. ఇప్పుడు ఆ దీనార్ రేటు ఎంతని మనం రోజూ అడుగుతున్నాం.

మధ్యాహ్నం మచ్బూస్ తినాలి. మాంసం ఉడికిన యఖ్నీలోనే బియ్యం వేసి దమ్ చేస్తారు. ఎండు నిమ్మకాయల వాసన వస్తుంది. పక్కన టమాటా దఖూస్ పెడతారు. మన కారానికి అలవాటుపడ్డ నాలుకకి కాస్త చప్పగా తోచినా, బిరియానికి చెల్లెలే. చేపల్లో వాళ్ళకి ప్రాణం 'జుబైదీ', మన చందువ.

సాయంత్రం సముద్రం ఒడ్డున కువైట్ టవర్స్. 1979లో తెరిచారు. పెద్ద టవర్ ఎత్తు 187 మీటర్లు. అందరూ పైకెక్కి నజారా చూస్తారు. సీమవాళ్ళు ఇంకోటి చూడాలి: ఆ పెద్ద గోళంలో సగం నీళ్ళ ట్యాంకు. పక్క టవర్ గోళమూ నీళ్ళదే. నది లేని ఊరది. ఒకప్పుడు షత్తుల్ అరబ్ నుంచి పడవల్లో మంచినీళ్ళు తెచ్చి, గాడిదల మీద తోలుసంచుల్లో వేసుకుని వీధివీధి అమ్మేవాళ్ళు. సముద్రపు నీటిని తీపి చేసే పెద్ద కర్మాగారం 1953లో వచ్చింది.

మన ప్యాస్ కథ వేరు. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు మళ్ళించి కర్నూలు-కడప కాలువను ఒక కంపెనీ 1863లో మొదలుపెట్టింది. నష్టాలపాలైతే 1882లో సర్కారు కొనేసింది. మధ్యలో 1876-78 కరువు సీమను తినేసింది. ఆ కాలువ రాయచోటి మెట్టదాకా ఏనాడూ రాలేదు. బావులు ఎండాయి, బోర్లు ఎండాయి. కువైట్ పైసలుపెట్టి నీళ్ళు తెచ్చుకుంది. మనం నీళ్ళు తెచ్చుకోలేక మనుషుల్ని పంపాం.

ఆ మనుషుల్ని చూడాలంటే జుమ్మా రోజు మాలియా పోవాలి. అక్కడ తెలుగు వినబడుతుంది. దోసె, చాయ్, ఊరి ఖబర్లు, ఇంటికి పంపే పైసల లెక్కలు. 1990 ఆగస్టు 2న ఇరాక్ ఫౌజ్ వచ్చినప్పుడు ఇలాంటివాళ్ళే సంపాదనంతా వదిలేసి జోర్డాన్‌లోని అమ్మాన్ చేరారు. అక్కడినుంచి 1 లక్షా 70 వేలకు పైగా భారతీయుల్ని విమానాల్లో తెచ్చారు. యుద్ధం అయ్యాక చాలామంది మళ్ళీ అదే షహర్‌కి పోయారు. ఊళ్ళో నీళ్ళు అప్పటికీ రాలేదు మరి.

అయితే మాలియాలో కనబడేది ఎక్కువగా మగవాళ్ళు. ఇళ్ళల్లో పనిచేసే మన ఆడవాళ్ళకి వారానికొక ఛుట్టీ ఇవ్వాలని, రోజుకి 12 గంటలకు మించి పని చేయించకూడదని కువైట్ ఖానూన్‌లో రాసుకున్నది 2015లో. అంతకుముందు దశాబ్దాలపాటు ఆ ఛుట్టీ యజమాని మెహర్బానీ. ముబారకియా అంటే వాళ్ళకి మేడమ్ వెనక సంచులు మోసిన బజారు. టవర్స్ అంటే కారు అద్దంలోంచి కనబడ్డ దీపాలు.

కానీ ఆ షహర్‌లో ఏం తినాలో వాళ్ళకంటే బాగా ఎవరికి తెలుసు? వండింది వాళ్ళే కదా. ఈ జుమ్మాకి మీ ఇంట్లో అమ్మీనో ఖాలానో మచ్బూస్ వండమనండి. పక్కన కూర్చుని ఉల్లిపాయలు మీరు తరగండి. అప్పుడు మళ్ళీ అడగండి, కువైట్ ఎట్లుంటాదని. ఈసారి జవాబు ఎయిర్‌పోర్టు దగ్గర ఆగదు. చెప్పింది రాసిపెట్టుకోండి. మన తారీఖ్ ఇంకెవరూ రాయరు.