డెవర్‌గిల్లా: స్కాట్లండు రాజ్యవారసత్వము

స్కాట్లండు చరిత్రమున డెవర్‌గిల్లా పేరు వినగానే స్ఫురించునది ఆమె పతిప్రేమ. 1268లో భర్త జాన్ బేలియల్ మరణింపగా, ఆమె యాతని హృదయమును దంతపుపేటికలో భద్రపఱచి, జీవితాంతమును తన చెంతనే యుంచుకొన్నదని ప్రసిద్ధి. 1273లో డంఫ్రీస్ పట్టణమునకు దక్షిణమున ఆమె స్థాపించిన సిస్టర్షియన్ మఠమునకు 'మధురహృదయ' మను పేరు వచ్చుటకు ఈ గాథయే కారణము. ఇది యెంత రమ్యమైనను, ఆమె చారిత్రక ప్రాముఖ్యము దీనితో ముగియదు. స్కాట్లండు సింహాసనవివాదమున ఆమె స్థానమెట్టిదో చూపుట యీ వ్యాసోద్దేశము.

ఆమె తండ్రి గాలొవే ప్రభువగు అలన్. 1234లో ఆతడు గతింపగా, ధర్మపత్నులయందు కలిగిన కుమారులు జీవించి లేనందున, ముగ్గురు కుమార్తెలు భూములకు హక్కుదారులైరి. ఈ పంపకము గిట్టక గాలొవే ప్రజలు తిరుగబడిరి. 1235లో రెండవ అలెగ్జాండరు రాజు వారి నణచివేసి, స్త్రీల దాయభాగమును నిలిపెను.

తల్లి మార్గరెట్, హంటింగ్డన్ ప్రభువైన డేవిడ్‌కు జ్యేష్ఠపుత్రిక. ఈ డేవిడ్ విలియం రాజునకు తమ్ముడు. 1286లో మూడవ అలెగ్జాండరును, 1290 సెప్టెంబరులో ఆతని మనుమరాలు మార్గరెట్టును మరణించుటతో రాజ్యము డేవిడ్ సంతతివైపు మొగ్గెను. డెవర్‌గిల్లా కుమారుడు జాన్ బేలియల్ పెద్ద కుమార్తె శాఖకు చెందినవాడు. కాని డేవిడ్‌కు మునిమనుమడు. ప్రతివాదియగు రాబర్ట్ బ్రూస్ రెండవ కుమార్తె యిసబెల్లా కొడుకు; డేవిడ్‌కు సాక్షాత్తు దౌహిత్రుడు. ఒకతరము దగ్గఱివాడనుటయే బ్రూస్ వాదమునకు ముఖ్యబలము.

ఇచట గమనింపదగిన విషయ మొకటి కలదు. డెవర్‌గిల్లా 1290 జనవరి 28న మరణించెను. మఱి యెనిమిది నెలలు జీవించియున్నచో, డేవిడ్ దౌహిత్రిగా ఆమెయే హక్కుదారు కాగలిగెడిది. తరమున బ్రూస్‌తో సమానురాలు, శాఖచే జ్యేష్ఠురాలు అగుటచే బ్రూస్ వాదమునకు ఆధారమే యుండెడిది కాదు.

ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డు 1292 నవంబరు 17న బేలియల్ పక్షమున తీర్పు చెప్పెను. 1296లో ఆ రాజ్యము పోయెను. 1306లో డెవర్‌గిల్లా దౌహిత్రుడు జాన్ కోమిన్‌ను, ఆ బ్రూస్ మనుమడు డంఫ్రీస్ చర్చిలో వధించి, కొలది వారములకే రాజయ్యెను. ఆమె రక్తసంబంధముచే సంక్రమించిన కిరీటము నాలుగేండ్లైనను నిలువలేదు. 1282లో ఆమె నియమావళి నొసగి స్థిరపఱచిన ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాల నేటికిని నిలిచియున్నది.