రేంజర్స్ చొక్కాలో సెల్టిక్ మనిషి

ఫుట్‌బాల్ చరిత్రకారులు ఇష్టంగా చెప్పుకునే కథొకటుంది. 1905లో ప్రాగ్‌లోని స్లావియా క్లబ్బుకి స్కాట్లండ్ నుంచి ఓ కోచ్ కావాల్సొచ్చింది. వాళ్ళ చూపు గ్లాస్గో రేంజర్స్ ఆటగాడు జాన్ టెయిట్ రాబర్ట్‌సన్ మీద పడింది. ఆయనేమో అదే ఏడాది కొత్తగా పుట్టిన చెల్సీకి మేనేజరుగా వెళ్ళిపోయాడు. అప్పుడు జేక్ మాడెన్ అనే మరో ఆటగాడు రేంజర్స్ చొక్కా తొడుక్కుని, ఫొటో దిగి, ప్రాగ్‌కి పంపి ఉద్యోగం కొట్టేశాడట. తమాషా ఏంటంటే, మాడెన్ పేరు తెచ్చుకున్నది రేంజర్స్‌కి ఆగర్భశత్రువైన సెల్టిక్‌లో!

కథలో ‘అట’లు ఎక్కువే. పోనీ నిజమే అనుకుందాం. దొంగ చొక్కాతో ఉద్యోగం దొరుకుతుందేమో గానీ, పాతికేళ్ళు నిలబడదు కదా. మాడెన్ 1930 దాకా స్లావియా కోచ్‌గానే ఉన్నాడు.

ఆయన 1865లో డంబార్టన్‌లో పుట్టాడు. క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే ఊరు. అక్కడ రివెట్లు కొట్టే పని చేసేవాడు. 1888 మే 28న సెల్టిక్ ఆడిన మొట్టమొదటి మ్యాచ్‌లో ఉన్నాడు. 1893లో స్కాట్లండ్ తరఫున వేల్స్ మీద నాలుగు గోల్స్ కొట్టాడు. మంచి ఆటగాడే. కానీ ఆయన కథ అక్కడితో ఆగిపోయుంటే, ఇవాళ మనం మాట్లాడుకునేవాళ్ళం కాదు.

స్కాట్లండ్ వాళ్ళ దగ్గర అప్పట్లో ఓ విద్య ఉండేది. ఇంగ్లండు ఆటగాళ్ళు బంతి దొరికితే ఒంటరిగా దూసుకుపోయేవాళ్ళు. స్కాట్లండ్ వాళ్ళు ఒకరికొకరు పాస్ చేసుకుంటూ కదిలేవాళ్ళు. 1872లో జరిగిన తొలి అంతర్జాతీయ మ్యాచ్ నుంచే ఈ తేడా కనపడింది. అయితే ఆ రోజుల్లో బ్రిటిష్ క్లబ్బుల్లో ట్రైనర్ అంటే ఆటగాళ్ళని పరిగెత్తించి, కాళ్ళకి మాలీషు చేసే మనిషే. ఆట కూడా నేర్పాల్సిన విద్యేనన్న ఆలోచన తక్కువ. ఆ ఆలోచనకి గిరాకీ ప్రాగ్, వియన్నా, బుడాపెస్ట్‌లలో దొరికింది.

స్లావియాని 1892లో మొదలుపెట్టింది ప్రాగ్‌లోని చెక్ విద్యార్థులు. అప్పట్లో ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యంలో చెక్ వాళ్ళకి క్లబ్బు కూడా అస్తిత్వానికి సంబంధించిన విషయమే. అలాంటి చోటికి ఓ పరదేశి కార్మికుడు గురువుగా వెళ్ళాడు. అక్కడే పెళ్ళి చేసుకున్నాడు. స్లావియా ఆటగాళ్ళకి ఆయన ‘ద్యేడెక్’ అయ్యాడు, అంటే ముసలోడు. ప్రేమగానే లెండి.

కోచ్ కష్టం స్కోరుబోర్డు మీద కనపడదు. 1934 ప్రపంచకప్ ఫైనల్లో చెకొస్లొవేకియా 2-1తో ఇటలీ చేతిలో ఓడింది, అదీ ఎక్స్‌ట్రా టైమ్‌లో. ఆ జట్టు కెప్టెన్, గోల్‌కీపర్ ప్లానిచ్కా. ఆ ఒక్క గోల్ కొట్టింది పుచ్. ఇద్దరూ మాడెన్ ఉన్న కాలంలో స్లావియాకి వచ్చినవాళ్ళే. రికార్డుల్లో గోల్ పుచ్‌ది. అందులో ముసలోడి వాటా ఎంతో ఏ లెక్కా చెప్పదు.

ఆయన కళ్ళముందే ప్రాగ్‌లో సామ్రాజ్యం పోయింది, రిపబ్లిక్ వచ్చింది, నాజీలు వచ్చిపోయారు, 1948 ఫిబ్రవరిలో కమ్యూనిస్టులు అధికారం చేజిక్కించుకున్నారు. ఆ ఏప్రిల్లోనే మాడెన్ కన్నుమూశాడు. స్లావియా ఆటగాళ్ళు ఎరుపు తెలుపు చొక్కాలు వేసుకుని ఆయన్ని ఓల్షానీ శ్మశానానికి సాగనంపారు.

ఈసారి చొక్కాల విషయంలో ఏ అనుమానమూ లేదు.